తనిఖీకి వచ్చిన పుస్తకం

ఆగస్టు 7, హిందూపురం

పదిన్నరకు గణేష్ ఫోన్ చేశాడు. బండకొట్టాల బడిలో స్లాబు పడిందట. ఏడుగురికి దెబ్బలు. ఒక పాపను బండ కింద నుంచి తీసి ధర్మవరం ఆసుపత్రికి పట్టుకుపోయారట. ఏ బడి అని రెండోసారి అడిగాను. వాడు రెండోసారి కూడా అదే పేరు చెప్పాడు.

నాకు తెలిసిన బడే. నేను చూసిన బడే. ఎంఈఓగా, అంటే మండల విద్యాధికారిగా, పనిచేసిన రోజుల్లో మా మండలంలో నేను తొక్కని బడి గడప లేదు. ఆ మాట మీదే కదా ఎమ్మెల్యేనయ్యాను. 'బడి బడికీ తిరిగిన తిరుపాల్ సార్‌కే మన ఓటు' అని ఊరూరా గోడల మీద రాయించింది ఎన్నికల నుంచీ నా వెంటే తిరిగే ఈ గణేషే. ఐదేళ్లు చేశాను. తర్వాత టికెట్ ఇవ్వలేదు. దానికి బదులు రాష్ట్ర విద్యా సలహా మండలిలో పదవి ఇస్తామన్నారు. ఆ ఉత్తర్వు ఈ నెలో, వచ్చే నెలో.

గణేష్ గాడి బెంగ పాప గురించి కాదు, ఉత్తర్వు గురించి. "ఈ టైములో ఇదొకటి వచ్చి పడె సార్" అన్నాడు. నోరు ముయ్యమని తిట్టాను. ఫోన్ పెట్టేశాక నాకు ముందు గుర్తొచ్చింది కూడా ఉత్తర్వే. ముప్పై ఏళ్లు టూర్ డైరీలు రాసి పై ఆఫీసుకు పంపినవాణ్ణి. ఈ నోటుబుక్కు ఎవరికీ పంపేది కాదు కాబట్టి రాసుకుంటున్నాను.

ఆగస్టు 8

పేపర్లో నా పేరు లేదు. మూడు పేపర్లూ చూశాను.

ఆగస్టు 9, ధర్మవరం

పొద్దున బండికి ధర్మవరం వెళ్లాను. పోకపోతే బాగుండదని గణేష్ అన్నాడు. ఫోటో తీసేవాణ్ణి కూడా వాడే పంపాడు. వాణ్ణి గేటు దగ్గరే ఆపేశాను. అది నేను చేసిన ఒక మంచి పని.

పాప పేరు వనిత. నాలుగో తరగతి. తండ్రి ఈరప్ప గొర్రెలు మేపుతాడు. నన్ను చూసి టవలు భుజం మీద నుంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. ఏదో చెప్పబోయి ఏడ్చాడు. అతని తల్లి ఉలిగమ్మ గోడవార గొంతుకూర్చుని ఉంది. ఆ ముసలామె నన్ను పైనుంచి కింది దాకా చూసింది, ముఖ్యంగా నా కాళ్ల వైపు చూసింది. నమస్కారం పెట్టలేదు. దుఃఖంలో ఉన్న మనిషి, పట్టించుకోకూడదు.

హెడ్మిస్ట్రెస్ నిర్మల బెంచీ మీద కూర్చుని ఉంది. రెండు చేతులకూ కట్లు. స్లాబు ముక్కలను చేతులతోనే ఎత్తిందట. నన్ను చూసి లేచి నిలబడింది. ధైర్యంగా ఉండమ్మా అన్నాను. అప్పుడు మెల్లగా ఒక మాట అంది.

"సార్, విజిట్ బుక్కు నా దగ్గరే ఉండాది."

వచ్చేటప్పుడు రైల్లో అంతా అదే ఆలోచన. ఆ మాట ఎందుకన్నట్టు? నన్ను బెదిరించడానికా? ఆపదలో ఉన్నదని ఓదార్చడానికి పోతే, నాకే ఎసరు పెట్టే మాట మాట్లాడుతుందా? ఒళ్లు మండిపోయింది.

ఆగస్టు 10

ఆదివారం. ఎవరూ రాలేదు.

విజిట్ బుక్ సంగతి. అధికారి బడికి పోయినప్పుడు తాను చూసిందేమిటో రాసి సంతకం పెట్టే పుస్తకం అది. నెలకు ఇరవై బళ్లు చూడాలని రూలు. ఎంఈఓకు జీపు ఉండేది కాదు, ఉన్న రోజు డీజిల్ ఉండేది కాదు. అందుకని అందరు ఎంఈఓలూ చేసేదే, నెలవారీ మీటింగుకు వచ్చేటప్పుడు హెడ్మాస్టర్లు ఆ పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని ఆఫీసుకే తెచ్చేవాళ్లు. మేము చెప్తే వాళ్లే రాసేవాళ్లు. మేము సంతకం పెట్టేవాళ్లం. ఊరికి మేము పోవడం కాదు, ఊళ్లే మా బల్ల మీదికి వచ్చేవి. దీన్ని దొంగతనం అనుకున్నవాడు లేడు. నాకన్నా ముందున్నవాళ్లూ ఇంతే, తర్వాత వచ్చినవాళ్లూ ఇంతే.

కానీ బండకొట్టాలకు నేను పోయాను. ఆ పుస్తకంలో ఇలా ఉంది, కంఠతా వచ్చు: '21-11-2017 నాడు పాఠశాలను సందర్శించితిని. విద్యార్థుల హాజరు బాగున్నది. వెనుక గదిని పరిశీలించితిని. వాడుకకు యోగ్యముగా ఉన్నది. తాళము తీసి అందులో తరగతులు నడపవలెను.' చేతిరాత నిర్మలది. సంతకం నాది. రామగిరి రోడ్డులో మలుపు తిరిగితే వచ్చే ఊరే కదా అది. పోకుండా ఎట్లా రాయిస్తాను?

గది బాగలేదని ఆమె నాకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆగస్టు 12

నిర్మలను సస్పెండ్ చేశారు. విచారణాధికారిగా ప్రసాద్‌ను వేశారు. నేను ఎంఈఓగా ఉన్నప్పుడు నా కింద టీచరుగా పనిచేసినవాడు. ఆ సంగతి గణేష్ చెప్తూ చెప్తూ నవ్వాడు. నాకూ ప్రాణం కుదుటపడింది.

ఆగస్టు 14

వనిత పోయింది. ఉదయం పదకొండుకు.

ఆగస్టు 15

టౌనులో ఒక ప్రైవేటు స్కూల్లో జెండా ఎగరేశాను. పాప కోసం ఒక నిమిషం మౌనం పాటించాలని నేనే చెప్పాను. తర్వాత మాట్లాడటానికి మైకు పట్టుకున్నాను. నిజంగానే ఏడుపొచ్చింది. ముందు వరుసలో ఉన్న తల్లులు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. అది చూసి, ఏడుస్తూనే, నన్ను చూస్తున్నారని సంతోషం కలిగింది. ఇలాంటి మనిషిని నేను ఎప్పుడు అయ్యానో తెలియదు.

ఆగస్టు 16

నిర్మల వచ్చింది. ఒక్కతే ధర్మవరం నుంచి రైల్లో వచ్చింది. భర్త ప్రేమ్ కుమార్ ఆర్టీసీలో కండక్టరు, ముదిగుబ్బ సర్వీసులో డ్యూటీకి పోయాడట. కూర్చోమంటే కూర్చోలేదు. మా ఆవిడ అరుణ లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసి, చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

పోలీసులు రెండుసార్లు పిలిచి అడిగారట. ఏళ్ల తరబడి తాళం వేసిన గదిని ఎవరు తీయమన్నారని. వనిత కూర్చున్న వరుస పేర్లు అడిగారట. చెప్తూ చెప్తూ ఆమె కట్లు కట్టిన చేతులతో ముఖం కప్పుకుంది. తర్వాత అసలు సంగతికి వచ్చింది.

"మీరు మా బడికి రాలేదని నేను యాడా చెప్పను సార్. పుస్తకం సంచిలో ఏసుకొని మీ కాడికి మోసుకొచ్చింది నేనే, ఆ తప్పు నాది గూడా. నేను గది బాగలేదంటిని, మీరు తీయమంటిరి. ఆ ఒక్క మాట చెప్పండి చాలు."

రాతపూర్వకంగా ఇచ్చావా అని అడిగాను. అధికారి నోరు అలా పనిచేస్తుంది, మనిషి కన్నా ముందు అదే లేస్తుంది.

"ఇచ్చినా కదా సార్. మీరే తిరిగిచ్చినారు. వాడుకలో లేని గదులు సున్నా అని రిపోర్టు పంపేసినాము, ఇప్పుడు నీ కాయితం పెడితే ఇద్దరికీ మెమో వస్తాదంటిరి."

నాకు గుర్తు లేదమ్మా అన్నాను. ఆమె నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. పిల్లవాడు ఎక్కం తప్పు చెప్తే ఇంకోసారి చెప్తాడేమోనని ఎదురుచూసే టీచరు చూపు. నేను ఇంకోసారి చెప్పలేదు. లేచి, వస్తాను సార్ అని వెళ్లిపోయింది.

ఆమె చెప్పింది నిజమేనా అని అరుణ అడిగింది. వంటింట్లో పని చూసుకోమని అరిచాను. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో అలా అరవలేదు అని రాయబోయాను. చాలాసార్లే అరిచాను.

ఒకసారి చెప్పి ఉండవచ్చు ఆమె. ఒకసారి.

ఆగస్టు 17

సరే. పోలేదు.

బండకొట్టాలకు నేను పోలేదు. ఆ రోజే కాదు, ఎప్పుడూ పోలేదు. ఆ ఊరు రామగిరి రోడ్డులో మలుపు దగ్గర ఉందో, మలుపు దాటి ఉందో కూడా నాకు తెలియదు.

జరిగింది ఇది. జిల్లా నుంచి ఒక ఫారం వచ్చింది, వాడుకలో లేని గదులెన్ని అని. ఒకటి అని రాస్తే ఇంజనీరు రావాలి, ఫోటోలు, అంచనాలు, పది ఉత్తరాలు, ఎందుకు ముందే చెప్పలేదని సంజాయిషీ. సున్నా అని రాస్తే ఏమీ ఉండదు. మా మండలం పక్కన సున్నా వేశాను. జిల్లా మీటింగులో మా మండలాన్ని మెచ్చుకున్నారు. ఆ సున్నాకు సరిపోయేలా ఆమె గది తాళం తీయించాను.

ఆమె కొత్తగా హెడ్మిస్ట్రెస్ అయ్యింది అప్పుడు. రెండుసార్లు చెప్పింది. రెండుసార్లే. వాన పడితే గది కారుతోంది, స్లాబులోంచి ఇనుప కమ్మీలు కనబడుతున్నాయి సార్, ఒకసారి వచ్చి చూడండి అంది. నువ్వు ఇంజనీరువా అన్నాను. నలుగురు హెడ్మాస్టర్ల ముందర అన్నాను, వాళ్లు నవ్వారు.

ఇంకొకటి ఉంది. ఎమ్మెల్యేగా ఉన్నప్పుడు బళ్ల మరమ్మతుల జాబితా నా చేతి మీదుగా పోయింది. ఆ ఊరి నుంచి అర్జీ పట్టుకుని నలుగురు వచ్చారు. ఆ గది నేను స్వయంగా చూసిందే, బాగుంది, ఇంకా అన్యాయమైన బళ్లున్నాయి అని చెప్పి పంపేశాను. అబద్ధం చెప్తున్నానని అప్పుడు నాకు తెలియదు. రాసి రాసి, గోడల మీద చదివి చదివి, చూశాననే అనుకున్నాను. ఇది ఎవరికి చెప్పినా నమ్మరు.

ఆగస్టు 18

గణేష్ ఒక దారి చెప్పాడు. చేతిరాత ఆమెది కదా సార్, గది గురించిన రెండు లైన్లూ మీరు సంతకం పెట్టి పోయినాక ఆమె ఇరికించిందని చెప్పండి అన్నాడు. "మీరు పోయినారు, పిల్లోళ్ల హాజరు చూసినారు, వచ్చినారు. గది సంగతి మీకు తెల్దు. అంతే."

ఆ మాట విని వాణ్ణి చెప్పుతో కొట్టాలనిపించింది. కొట్టలేదు. కాఫీ తాగి పొమ్మన్నాను.

ఆగస్టు 19

నిజం చెప్తే ఏం పోతుంది? పదవి పోతుంది. పోతే పోనీ. కేసు కూడా పెడతారు. అది కూడా తట్టుకోవచ్చు. కానీ బడి బడికీ తిరిగినవాడు అనే మాట పోతుంది. ఆ మాట తీసేస్తే అరవై మూడేళ్ల మనిషిలో ఏం మిగులుతుంది? నేను పెళ్లిళ్లకు పోతే జనం లేచి నిలబడేది ఆ మాటకే. బజారులో టీ అంగడివాడు బెంచీ తుడిచేది ఆ మాటకే. బతికి ఉండగానే అది పోతే, ఇంట్లోంచి బయటికి ఏ ముఖంతో రావాలి?

నిజమే చెప్తాను. రేపు పెనుకొండలో విచారణ.

ఆగస్టు 20, పెనుకొండ

గెస్ట్ హౌసులో విచారణ. కొండ మీద కోటగోడల పైన మబ్బులు కమ్మి ఉన్నాయి. నేను పోగానే ప్రసాద్ కుర్చీలోంచి లేచాడు. విచారణాధికారి లేవకూడదు, వాడు లేచాడు.

పుస్తకం బల్ల మీద ఉంది. ఆ పేజీ తెరిచి నా వైపు తిప్పాడు. "ఈ తేదీన వెళ్లారా సార్?" అన్నాడు.

నోరు తెరిచే దాకా నిజమే చెప్పాలనుకున్నాను. దేవుడి మీద ఒట్టు. వెళ్లాను అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట, ముప్పై ఏళ్లుగా వాడిన దారిలో అలా నడిచొచ్చింది. ప్రసాద్ రాసేది ఆపి, "వెళ్లారా?" అని ఇంకోసారి అడిగాడు. నాకు తప్పించుకునే చోటు ఇస్తున్నాడో, గట్టిపరుస్తున్నాడో తెలియలేదు. వెళ్లాను, హాజరు చూసి సంతకం పెట్టాను, గది గురించిన వాక్యాలు అప్పుడు లేవు అన్నాను. తర్వాత చేర్చారని మీ అభిప్రాయమా అన్నాడు. అవునన్నాను. అదంతా టైపు చేయించి నా ముందు పెట్టాడు. చదివి సంతకం చేశాను. ఈసారి చదివాను.

బయట వరండాలో నిర్మల కూర్చుని ఉంది. తలుపు తెరిచే ఉండింది, ప్రతి మాటా విని ఉంటుంది. నేను పక్కనుంచి పోతుంటే లేచి నిలబడింది. అలవాటు. అధికారి పోతుంటే లేచి నిలబడటం. ఆమె ఎందుకు లేచింది? కూర్చుని ఉంటే, ముఖాన ఉమ్మి ఉంటే ఎంత బాగుండేది.

ఆగస్టు 22

వాన.

ఆగస్టు 24

అరుణ మూడు రోజులుగా మాట్లాడలేదు. ఈరోజు బట్టలు మడతపెడుతూ, తల ఎత్తకుండా అడిగింది, ఆ ఊరికి మీరు ఏ నెలలో పోయినట్టు చెప్పారని. నవంబరు 2017 అన్నాను.

"నవంబరంతా మీ కాలికి పిండికట్టు ఉండె కదా" అంది.

తల మీద పిడుగు పడినట్టయింది. దీపావళి మరుసటి రోజు స్నానాలగదిలో జారి కాలు విరిగింది. డిసెంబరు మొదటివారం దాకా కట్టు. సెలవు పెడితే ఇన్‌ఛార్జి ఎవడో వచ్చి కూర్చుంటాడని సెలవు పెట్టలేదు. ఇద్దరు పట్టుకుని ఆఫీసులో కూర్చోబెడితే, కాలు స్టూలు మీద పెట్టుకుని పనిచేశాను. ఆ నెల కూడా టూర్ డైరీలో ఇరవై రెండు బళ్లు రాశాను. ఒంటికాలి మీద ఇరవై రెండు బళ్లు. ఒక్కణ్ణే గదిలో కూర్చుని నవ్వాను. ఆపుకోలేకపోయాను.

నవ్వు అయిపోయాక ఇంకొకటి తట్టింది. నిర్మలకు ఆ కట్టు తెలుసు. ఎదురుగా నిలబడి చూసింది. వరండాలో కూర్చుని నేను వెళ్లాను అనడం విన్నది. ఒక్క ముక్క చెప్పి ఉంటే నా వాంగ్మూలం చింపేసేవాళ్లు. నేను రాలేదని యాడా చెప్పనని నాకు మాటిచ్చింది కదా. చెప్పలేదు.

ఆగస్టు 27

వినాయక చవితి పూట నిర్మలను అరెస్టు చేశారు. మామూలు నిర్లక్ష్యం కేసు అయితే స్టేషన్లోనే బెయిలు ఇచ్చేవాళ్లట. రికార్డులో మాటలు ఇరికించిందని చేర్చేసరికి రిమాండు పడింది. పద్నాలుగు రోజులు. ఇరికించింది అన్న మాట నాది.

వీధిలో మైకు పాటలు. అరుణ పూజ చేయలేదు.

ఆగస్టు 29

పదవి ఉత్తర్వు వచ్చింది. గణేష్ స్వీట్ బాక్సు తెచ్చాడు.

సెప్టెంబరు 5, బండకొట్టాల

ఉపాధ్యాయ దినోత్సవం. బండకొట్టాలలో కొత్త బడికి వనిత పేరు పెట్టి శంకుస్థాపన చేయాలని పైవాళ్లు నిర్ణయించారు. నా చేతుల మీదుగా.

రామగిరి రోడ్డులో ఒక చోట దారి రెండుగా చీలింది. "యాపక్క సార్, మీకు తెలిసిన ఊరే కదా" అన్నాడు డ్రైవరు. ఎడమకు అన్నాను. నాలుగు కిలోమీటర్లు పోయాక క్వారీ గుంత దగ్గర దారి ఆగిపోయింది. వెనక్కి వచ్చి, గొర్రెలు తోలుకుపోతున్న మనిషిని అడిగాం. గణేష్ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

షామియానా వేశారు. నేను మాట్లాడాను. ఈ బడితో నాకు పాత అనుబంధం ఉందన్నాను. ఎదురుగా నేల మీద కూర్చున్న ఊరివాళ్లు చప్పట్లు కొట్టలేదు, తిట్టలేదు. వాన ఎప్పుడు వెలుస్తుందా అని చూసేవాళ్లలా చూశారు. వెనకాల పడిపోయిన గది అలాగే ఉంది. కమ్మీలు తుప్పు పట్టి, వేలితో గీకితే రాలిపోయేలా ఉన్నాయి. ఎనిమిదేళ్ల కిందట ఒక్కసారి చూసి ఉంటే, చూపున్న ఎవడూ తాళం తీయమనేవాడు కాదు. ఆ ఒక్కసారి చూడటానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది.

కొబ్బరికాయ కొట్టాక అందరూ టిఫిన్ల దగ్గరికి పోయారు. ఉలిగమ్మ బడి అరుగు మీద ఒక్కతే కూర్చుని ఉంది. దగ్గరికి పోయి, ఏం కావాలన్నా నాకు చెప్పవ్వా అన్నాను. ఆమె పక్కకు జరిగి చోటిచ్చింది. కూర్చున్నాను.

"నువ్వు మా ఊరికి రావడం ఇదే మొదులు గదప్పా?" అంది.

నా కళ్లు పడిపోయిన గది వైపు పోయాయి.

"మాకు ఎరికేలే. జీపొస్తే ఊరంతా ఎరికయితాది. ఊర్లో కుక్కలు గూడా అరస్తాయి. గోడ మీద రాసినారు, సదివినోళ్లు సదివిరి, నవ్వినోళ్లు నవ్విరి. ఓటేస్తిమి. అందరూ వచ్చినామనే చెప్తారు, నువ్వొక్కనివే కాదు."

అంత చిన్న మాట. అదే నేను దాచుకున్నది. దానికోసమే నిర్మలను జైలుకు పంపాను. ఊరంతటికీ తెలిసిన సంగతి. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆమె ఆగలేదు.

"టీచరమ్మ మూడు తూర్లు నీ కాడికొచ్చె. మూడో తూరి నన్ను గూడా పిల్చుకొచ్చె, ఊరోళ్లు చెప్తే ఇంటాడేమోనని. కోడలు కూలికి పోయింటే వనితను సంకన ఏసుకొని వచ్చినా. ఏడాది బిడ్డ అప్పుడు. నువ్వు కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకొని ఉంటివి. మేము గది సంగతి చెప్తాండాం, ఈ పిల్ల కిందికి దిగి, కట్టులోంచి బయటికొచ్చిన నీ బొటనేలు పట్టుకొని లాగె. నువ్వు నవ్వితివి. బిడ్డకు నీళ్లు తాపమంటివి. మంచోడే అనుకుంటి."

గుర్తొచ్చింది. పాప ముఖం గుర్తు రాలేదు, కాలి వేలి మీద ఆ చెయ్యి గుర్తొచ్చింది. చెమ్మగా, వెచ్చగా ఉంది. ఆ పాప అక్కడ నా కాలు పట్టుకుని ఉండగానే, దాని తలకు పైన, గది యోగ్యముగా ఉన్నది అని చెప్పి రాయించాను.

"టీచరమ్మను ఎప్పుడు ఇడస్తారు?" అంది ఉలిగమ్మ. "మా బిడ్డను బండ కింద నుంచి తీసింది ఆయమ్మే. చేతులు చీరుకపోయినా ఇడ్సలా. ఆయమ్మను ఎందుకు పట్టకపోయినారో మా ఈరప్ప పోయి అడిగితే, నీకు తెల్దు పో అనిరి. నువ్వు పెద్దోనివి, నువ్వు చెప్తే ఇంటారు. చెప్పు."

చెప్తానవ్వా అన్నాను.

సెప్టెంబరు 6, ధర్మవరం

ప్రేమ్ కుమార్ ఇంటికి పోయాను. పక్కిళ్లలో మగ్గాలు ఆడుతున్నాయి. అతను ఇంకా యూనిఫారంలోనే ఉన్నాడు. గుమ్మంలోనే చెప్పేశాను, నేను ఆ ఊరికి పోలేదని, ఆ మాటలు నేనే రాయించానని, ఆమె ఇరికించలేదని. అతను నన్ను కొడతాడనుకున్నాను. చెప్పులు వేసుకుని, రండి సార్ అని లాయరు దగ్గరికి తీసుకుపోయాడు.

పదో తేదీతో రిమాండు అయిపోతుంది. ఆ రోజు నిర్మలను ధర్మవరం కోర్టుకు తెస్తారు. బెయిలు పిటిషనూ ఆ రోజే. నా మాటలు అఫిడవిట్‌గా దాఖలైతే ఇరికించిన కేసు నిలవదు, బెయిలు వస్తుంది అన్నాడు లాయరు. ఇప్పుడే సంతకం పెట్టిపోండి అని ప్రేమ్ కుమార్ అడిగాడు. పదో తేదీ పొద్దున్నే వచ్చి పెడతాను, కోర్టులో నేనే స్వయంగా ఉంటే ఇంకా బలంగా ఉంటుంది అన్నాను. నిజంగా అలాగే అనిపించింది. అతను ఒక్క క్షణం నన్ను చూసి, సరే సార్ అన్నాడు. జైలుకు పోయి నిర్మలకు చెప్తానన్నాడు.

రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే ఎన్నాళ్లకో ఆకలి వేసింది.

సెప్టెంబరు 7

అరుణకు చెప్పాను. పళ్లెంలో తన చేత్తో వడ్డించింది. రెండోసారి కూడా వడ్డించింది.

సెప్టెంబరు 8

గణేష్ వచ్చాడు. పన్నెండో తేదీ పదవీ స్వీకారం. నూట ఇరవై మందికి బస్సులు మాట్లాడాడట. వాడికి నేను ఏమీ చెప్పలేదు. ముందు పదో తేదీ కానీ.

సెప్టెంబరు 9

రేపు పొద్దున బండికి వెళ్తున్నాను. అరుణ తెల్లచొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది.

సెప్టెంబరు 10, హిందూపురం

స్టేషనుకు వెళ్లాను. టికెట్టు కొన్నాను. అరగంట ముందే ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చున్నాను. తెలిసినవాళ్లు ఇద్దరు లేచి నమస్కారం పెట్టారు. పన్నెండో తేదీకి మేమూ వస్తాండాం సార్ అన్నారు. బండి వచ్చింది. ఎక్కేవాళ్లు ఎక్కారు. నేను లేద్దామనే అనుకున్నాను. కాళ్లు బాగానే ఉన్నాయి, ఈసారి కట్టేమీ లేదు. బండి పోయింది. తర్వాతి బండికి పోవచ్చు అనుకున్నాను. అది కూడా పోయింది.

ఒంటిగంటకు ప్రేమ్ కుమార్ ఫోన్ చేశాడు. గొంతు పెంచలేదు. పన్నెండు దాకా చూసినామని చెప్పాడు. బెయిలు కొట్టేశారు. రిమాండు ఇంకో పద్నాలుగు రోజులు. నేను రైలు అని మొదలుపెట్టాను, అతను తన మాట కొనసాగించాడు.

"నిర్మల తలుపుకల్లే చూస్తా నిలబడుండె సార్. బండి లేటా, సార్ వస్తాండారా అని అడిగె. అవును, బండి లేటంట అని చెప్పినా."

బండి లేటు కాలేదు. సరిగ్గా టైముకే వచ్చింది.